తొలి ఏడాది కొలతలు

చీకటి పడ్డాకే తేళ్లు బయటికి వస్తాయని రాయలసీమలోని సదుం చుట్టుపక్కల పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పొద్దుగూకాక రాళ్ల కట్ట మీద చెయ్యి పెట్టొద్దని, కట్టెల మోపు తడుముకోవద్దని పెద్దవాళ్లు చెప్పే జాగ్రత్తలన్నీ ఆ ఎరుకలోంచి పుట్టినవే. అయితే చీకటి పడిందని తేలుకు ఎలా తెలుస్తుంది? వెలుతురు తగ్గడం చూసి కదులుతుందా? లేక వేళ తెలిపే ఏర్పాటు దాని ఒంట్లోనే ఉందా? ఊరి అనుభవం ఈ ప్రశ్న దాకా తీసుకొచ్చి వదిలేస్తుంది. జవాబు కావాలంటే ఎవరో ఒకరు తేలును ల్యాబ్‌కు తెచ్చి, పగలూ రాత్రీ కొలవాలి.

ఆ పని తిరుపతిలోనే జరిగింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడింది. 1960లలో అక్కడి జంతుశాస్త్ర విభాగంలో హెటెరోమెట్రస్ ఫుల్వైపిస్ అనే పెద్ద తేలు మీద పరిశోధనలు సాగాయి. దాని కడుపు అడుగుభాగాన పొడవునా సాగే నరాల తాడును తీసి, అందులో కోలినెస్టరేస్ అనే ఎంజైము ఏ వేళకు ఎంత చురుగ్గా పనిచేస్తోందో కొలిచారు. ఆ చురుకు రోజంతా ఒకేలా ఉండదనీ, పగలు తగ్గి చీకటి పడే వేళకు పెరుగుతుందనీ తేలింది. 1968లో ఆ ఫలితాలు అంతర్జాతీయ పత్రికలో వచ్చాయి. ఇటువంటి గ్రాఫులో ఒక్కో చుక్క వెనక ఒక్కో పూట పని ఉంటుంది. అర్ధరాత్రి రీడింగు తీసుకోవాలంటే అర్ధరాత్రి ల్యాబ్‌లో మనిషి ఉండాలి. ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఆ మనిషి చాలావరకు కొత్తగా చేరిన స్కాలరే.

జీవశాస్త్ర పరిశోధన బృందంలో చేరడం అంటే బయటి నుంచి చూసేవారికి గొప్ప టాపిక్ దొరకడం, పేరున్న గైడ్ దొరకడం. లోపలికి వెళ్లాక మొదటి ఏడాదిలో జరిగేది వేరు. ఆ బృందం దేన్ని కొలుస్తుందో, ఎలా కొలుస్తుందో, ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చో కొత్తగా వచ్చినవాళ్లు నేర్చుకుంటారు. విసుగు పుట్టించే కాలమిది. అయినా పరిశోధకుడు తయారయ్యేది ఇక్కడే. దీనికి తెలుగువారి చరిత్రలోనే గట్టి సాక్ష్యం ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీ పిలుపు విని ఖద్దరు గౌను వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో బయటపడ్డారు. 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేశారు. చేతిలో డబ్బు లేదు. రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేసే పని చేస్తూ, పగలు ఓటో ఫోలిన్ అధిపతిగా ఉన్న జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధనకు చేరారు.

చేరగానే ఆయన చేతికి వచ్చిన పని ఏ మహారోగానికో మందు కనిపెట్టడం కాదు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని బాగుచేయడం. అప్పటికే వాడుకలో పద్ధతులు ఉన్నాయి. వాటిలో రంగు సరిగా నిలిచేది కాదు, నమూనాలోని ఇతర పదార్థాలు అడ్డుపడేవి. ఫిస్కే, సుబ్బారావు చేసిన మార్పు చూడటానికి చిన్నదే. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపితే అది ఫాస్ఫేట్‌తో జతకడుతుంది. దానికి ఒక క్షయకరణ కారకాన్ని చేర్చితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. వాళ్లు ఆ క్షయకరణ కారకాన్ని మార్చారు. రంగు త్వరగా, నమ్మకంగా రాసాగింది. తెలిసిన మోతాదులో ఫాస్ఫేట్ ఉన్న ద్రావణాన్ని, తెలియని నమూనాను పక్కపక్కన పెట్టి, డ్యుబోస్క్ కలరీమీటరులో కంటితో పోల్చి లెక్క కట్టే రోజులవి. 1925లో ఆ పద్ధతి జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో అచ్చయింది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో తర్వాతి తరాల జీవరసాయన విద్యార్థులంతా దాన్ని నేర్చుకున్నారు.

అసలు కథ ఆ తర్వాతే మొదలైంది. అదే పద్ధతితో కండరంలోని ఫాస్ఫేట్‌ను కొలవబోతే రంగు సరిగ్గా రాలేదు. స్టాండర్డ్ గొట్టంలో నీలం వచ్చేసింది. కండరపు సారం ఉన్న గొట్టంలో మాత్రం ఆలస్యంగా, కొద్దికొద్దిగా చిక్కబడుతూ వచ్చింది. కొలత మీద పట్టు లేనివాళ్లయితే చెయ్యి తప్పిందనుకుని ఆ గొట్టాన్ని పారబోసేవాళ్లు. రంగు ఎంతసేపట్లో రావాలో అణువణువూ ఎరిగినవాళ్లు కనుక వీళ్లు ఆలస్యం దగ్గరే ఆగారు. కండరంలో ఏదో పదార్థం ఉంది, అది ఆమ్లంలో నిలవలేక మెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతోంది, అందుకే నీలం ఆలస్యమవుతోంది అని గ్రహించారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరాన్ని పనిచేయిస్తే అది తగ్గుతుంది, విశ్రాంతినిస్తే మళ్లీ పెరుగుతుంది. అప్పటిదాకా కండరంలో మామూలు ఫాస్ఫేట్ అని లెక్కగట్టిన దానిలో కొంత భాగం నిజానికి ఇదేనని 1927లో వాళ్లు ప్రకటించారు. అదే సమయంలో లండన్‌లో ఫిలిప్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కూడా ఇదే పదార్థం జాడ పట్టుకున్నారు. రెండేళ్లకు, 1929లో, ఫిస్కే–సుబ్బారావులు కండరం నుంచి ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దాన్ని కనుగొన్నారు. కండరాన్ని నడిపేది లాక్టిక్ ఆమ్లమే అని అంతకుముందు ఉన్న సిద్ధాంతం ఈ దెబ్బతో వెనక్కి తగ్గింది. ఇంటర్ విద్యార్థి నేడు జీవకణపు శక్తి నాణెం అని చదువుకునే ఏటీపీ కథలో తొలిమెట్టు, ఒక కొత్త స్కాలరు నిర్దుష్టం చేసిన భాస్వరం కొలత.

ఈ కథలో చేదు కూడా ఉంది. కొత్తగా చేరేవారికి అదీ తెలియాలి. సుబ్బారావుకు 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన పదవి మాత్రం దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థకు వెళ్లిపోయారు. అక్కడి ఆయన బృందం నుంచే ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్ వచ్చాయి. అదే హార్వర్డ్ విభాగంలో చదివి, తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఒక మాట చెప్పారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్కే వెలుగులోకి రానివ్వలేదనీ, వాటిని ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుగొనాల్సి వచ్చిందనీ ఆయన అభిప్రాయం. పరిశోధన బృందం అంటే నేర్చుకునే చోటు. పేరు ఎవరికి, పని ఎవరిది అన్న లెక్క తేలే చోటు కూడా.

తిరుపతి తేలు దగ్గరికి మళ్లీ వస్తే, అక్కడి జంతుశాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దిన కె. పంపాపతిరావు కూడా కొలతల్లోంచి వచ్చినవారే. 1950ల మొదట్లో ఆయన లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో థియొడోర్ బుల్లక్ దగ్గర పనిచేశారు. పసిఫిక్ తీరపు రాళ్లకు అతుక్కుని బతికే ఆలిచిప్పలు తమలోంచి నీటిని ఎంత వేగంగా తోస్తాయన్నది ఆయన ప్రశ్న. దక్షిణాన లాస్ ఏంజెలస్ ప్రాంతం నుంచి ఉత్తరాన చల్లటి తీరం దాకా వేర్వేరు చోట్ల చిప్పలను తెచ్చి, ఒకే ఉష్ణోగ్రత దగ్గర పోల్చారు. చల్లటి తీరం నుంచి వచ్చినవి ఎక్కువ వేగంగా నీటిని తోస్తున్నాయి. అంటే చలిలో బతికే జీవులు ఆ చలికి తగ్గట్టు తమ వేగాన్ని సర్దుకున్నాయన్నమాట. 1953లో అది అచ్చయింది. మరుసటి ఏడాది ఇంకో వింత బయటపెట్టారు. ల్యాబ్ తొట్టిలో, ఆటుపోట్లు లేనిచోట పెట్టినా చిప్పలు తమ తీరపు ఆటుపోట్ల లయలోనే నీటిని తోస్తున్నాయి. వేరే తీరానికి మారిస్తే ఆ లయ కూడా మారుతోంది.

ఆ చూపుతోనే ఆయన తిరుపతికి వచ్చారు. ఇక్కడ సముద్రం లేదు. తేళ్లు ఉన్నాయి, ఎండిపోయే చెరువులు ఉన్నాయి. అదే విభాగంలో కె.ఎస్. స్వామి బృందం పైలా గ్లోబోసా అనే చెరువు నత్తను ఎంచుకుంది. వేసవిలో చెరువు ఎండితే ఈ నత్త బురదలోకి దిగి, గుల్ల మూత బిగించుకుని, నెలల తరబడి కదలకుండా పడి ఉంటుంది. వాన పడగానే లేస్తుంది. తిండీ నీళ్లూ లేని ఆ నెలల్లో దాని ఒంట్లో ఏయే రసాయన చర్యలు తగ్గుతాయి, ఏవి సాగుతాయి అన్నదాని మీద వరసగా పరిశోధన పత్రాలు వచ్చాయి. ఖరీదైన విదేశీ ప్రాణి కోసం ఎదురుచూడకుండా రాయలసీమ కరువులో బతికే ప్రాణినే ప్రశ్నగా మార్చుకున్న ఆ ఎంపికలో ఎంతో తెలివి ఉంది. సదుం, సోమల, చౌడేపల్లె వైపు నుంచి వచ్చే విద్యార్థికి ఆ నత్తతో పుస్తకంలో బొమ్మ చూసే ముందే పరిచయం ఉంటుంది. అది తక్కువ పెట్టుబడి కాదు.

కొలత అనగానే గాజు గొట్టాలు, యంత్రాలు గుర్తుకొస్తాయి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం చరిత్ర చూస్తే కొలత పల్లె వీధిలోనూ జరుగుతుందని తెలుస్తుంది. డెన్మార్కుకు చెందిన మిషనరీ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ చొరవతో అక్కడ వెలసిన క్షయ ఆసుపత్రిలో, 1950 నుంచి ఆయన కొడుకు జొహానెస్ నాయకత్వంలో చుట్టుపక్కల పల్లెల్లో క్షయ మీద పెద్ద అధ్యయనం సాగింది. ముంజేతి చర్మంలో ట్యూబర్క్యులిన్ సూది వేసి, మూడు రోజులకు తిరిగి వెళ్లి, గట్టిపడిన వాపును మిల్లీమీటర్లలో కొలవాలి. స్కేలు పట్టిన చెయ్యి మారితే కొలతా మారుతుంది. అందుకే ఇటువంటి పనిలో చేరినవారికి మొదట నేర్పేది రోగం గురించి కాదు, వాపు అంచును వేలితో గుర్తుపట్టడం. 1950–55 మధ్య జరిగిన ఆ అధ్యయనం, ఆ తర్వాత వచ్చిన బీసీజీ టీకా ఫలితాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 1960లలో అచ్చయ్యాయి. బీసీజీ ఎంతవరకు కాపాడుతుందన్న ప్రపంచస్థాయి చర్చలో మదనపల్లె పేరు ఇప్పటికీ వినిపిస్తుంది.

లేదు అని చెప్పే కొలత విలువ 2000లో అనంతపురం జిల్లా రైతులకు తెలిసివచ్చింది. ఆ ఏడాది వేరుశనగ మొక్కలు చిగుళ్లు మాడి కుప్పకూలాయి. చూడగానే అందరూ పాత మొవ్వుకుళ్లు తెగులే అనుకున్నారు. ఆ వైరస్‌ను పట్టుకునే యాంటీసీరంతో పరీక్షిస్తే మాత్రం స్పందన లేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఆ ‘లేదు’ను నమ్మి ముందుకు వెళ్లి, కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది, తామర పురుగులు దాన్ని వేరుశనగకు చేరుస్తాయి. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. మొవ్వుకుళ్లే అనుకుని వదిలేసి ఉంటే గట్ల మీది వయ్యారిభామను ఎవరూ అనుమానించేవారు కాదు.

ఇక కలివికోడి. కడప జిల్లా లంకమల అడవుల పొదల్లో రాత్రిపూట తిరిగే ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ యువ పరిశోధకుడు భరత్ భూషణ్ రెడ్డిపల్లె దగ్గర దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఆయన చేసిన తెలివైన పని స్థానికులను అడగడం. పక్షులు పట్టడంలో ఆరితేరిన ఐతన్న రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చాడు. శాస్త్రవేత్త, వేటగాడు కలిసి చేసిన ఆవిష్కరణ ఇది.

దొరికిన తర్వాత అసలు చిక్కు వచ్చింది. రాత్రి తిరిగే, మనిషి అలికిడి వినగానే మాయమయ్యే పక్షి ఎక్కడెక్కడ ఉందో లెక్కించడం ఎలా? 2000 తర్వాత పి. జెగనాథన్, ఆయన సహచరులు ఒక సులువైన ఉపాయం ఎంచుకున్నారు. పొదల మధ్య మెత్తని మట్టితో పట్టీలు పరిచారు. తెల్లారి వెళ్లి వాటి మీద పడ్డ పాదముద్రలు చూశారు. వాటితోపాటు వాటంతట అవే ఫోటో తీసే కెమెరాలు కూడా పెట్టారు. ఈ పద్ధతి 2002లో అచ్చయింది. తీతువు అడుగు ఏది, కలివికోడి అడుగు ఏది అని తేడా పట్టగలిగితేనే ఆ పట్టీకి అర్థం ఉంటుంది. రోజూ తెల్లవారుజామున అడవిలో వంగి మట్టిని చదవడమే ఆ పనిలో చేరినవారికి మొదటి పాఠం. తెలుగుగంగ కాలువ దారి మీద వివాదం వచ్చినప్పుడు పక్షి ఎక్కడ బతుకుతోందో చూపించే ఆధారాలు ఇలాంటి పనిలోంచే వచ్చాయి.

ఇప్పుడు సదుం నుంచి మదనపల్లె బీటీ కాలేజీలో బీజెడ్‌సీ చదివిన అమ్మాయిని ఊహించుకుందాం. 1915లో మొదలైన ఆ కాలేజీ నుంచి ఆమె ఎమ్మెస్సీకి తిరుపతి వెళ్లవచ్చు, కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయానికి వెళ్లవచ్చు. పశువుల మీద ఆసక్తి ఉంటే పుంగనూరు పొట్టి ఆవుల జాతిని కాపాడుతున్న పరిశోధన కేంద్రం పలమనేరులోనే ఉంది. 2015 నుంచి తిరుపతిలో ఐసర్ కూడా ఉంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు వస్తే నేరుగా పీహెచ్‌డీకి అర్హత వస్తుంది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. ఇంట్లో వాళ్లను ఒప్పించడానికి ఆ అంకె బాగా పనికొస్తుంది.

ల్యాబ్‌లో ఆమె మొదటి నెలలు ఇలా గడుస్తాయి. మైక్రోపైపెట్ చేతికి వస్తుంది. 100 మైక్రోలీటర్ల నీటిని పదిసార్లు తీసి తక్కెడ మీద వేస్తే పదిసార్లూ దాదాపు 0.1 గ్రాము రావాలి. రాకపోతే చెయ్యి ఇంకా కుదరలేదని అర్థం. తర్వాత స్టాండర్డ్ గ్రాఫ్: తెలిసిన మోతాదులతో గీసిన గీత తిన్నగా రాకుండా తెలియని నమూనా జోలికి వెళ్లకూడదు. బ్లాంక్ ఎందుకు పెట్టాలో, కంట్రోల్ లేని ప్రయోగం ఎందుకు చెల్లదో సీనియర్లు చెబుతారు. ప్రతి రీడింగు మూడుసార్లు. నోట్‌బుక్‌లో తేదీతో సహా ఇంకుతో రాయడం, తప్పు రాసినా చెరిపేయకుండా ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయడం. ప్రాణులతో పనిచేసేటప్పుడు జంతు నైతిక సంఘం అనుమతి, అడవిలో నమూనాలు సేకరించేటప్పుడు అటవీశాఖ అనుమతి. వారానికోసారి ల్యాబ్ మీటింగులో తన అంకెలను అందరి ముందూ పెట్టి, ఇది నిజమేనని ఎలా నమ్మమంటావని అడిగితే తడబడకుండా జవాబు చెప్పడం.

ఈ ఆఖరి పనే అన్నిటికన్నా కష్టం. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెరిగిన పిల్లకు, సీనియర్ చూపిన గ్రాఫ్ తప్పనిపిస్తే చెప్పడానికి నోరు రాదు. మంచి గైడ్ ఆ మాట తానే అడుగుతాడు. అలా అడిగే చోటే చేరాలి.

అందుకే గైడ్‌ను కలవడానికి వెళ్లే విద్యార్థి టాపిక్ గురించి మాత్రమే అడిగి వచ్చేయకూడదు. ఇక్కడ ఏం కొలుస్తారు? మొదటి ఆరు నెలలు ఆ కొలత నాకు ఎవరు నేర్పుతారు? నేను చేసిన పనికి పేపర్లో నా పేరు ఎక్కడ ఉంటుంది? బయటికి వెళ్లిపోయిన స్కాలర్ల నోట్‌బుక్‌లు ల్యాబ్‌లో ఉన్నాయా? ఈ నాలుగూ అడగాలి. గైడ్ లేని సమయంలో ల్యాబ్‌లోని జూనియర్లతో అరగంట మాట్లాడాలి. ఈ మాటలకు చిరాకుపడే బృందం ఎంత పేరున్నదైనా, సుబ్బారావుకు జరిగింది అక్కడ మళ్లీ జరిగే అవకాశం ఉంది.

ఇందులో డిగ్రీ కాలేజీల బాధ్యత కూడా ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో చాలాచోట్ల ప్రాక్టికల్ అంటే రికార్డులో బొమ్మ వేసి సంతకం పెట్టించుకోవడంగానే మిగిలిపోయింది. దాన్ని మార్చడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఊరి చెరువు నీళ్లు ఒక సీసాలో తెచ్చి, అందులో ఫాస్ఫేట్ ఎంత ఉందో అదే మాలిబ్డినం నీలిరంగుతో కొలవడానికి ఒక కలరీమీటరు, ఒక తక్కెడ, కాసిని రసాయనాలు చాలు. ఈ సంవత్సరం డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులతోనే అధ్యాపకులు దాన్ని మొదలుపెట్టాలి. స్టాండర్డ్ గ్రాఫ్ తిన్నగా వచ్చేదాకా విద్యార్థి మళ్లీ మళ్లీ చేయడానికి వీలుగా టైమ్‌టేబుల్లో ఇంకొక పీరియడు కేటాయించాలి.